బాతు ఒంటికన్ను నిద్ర

కొల్లేటి ఒడ్డున బాతుల మందలను చూడని ఏలూరువారు అరుదు. అవి నిద్రించే తీరును గమనిస్తే మన నిద్రలేమికి ఒక కారణం బోధపడుతుంది. 1999లో అమెరికా శాస్త్రజ్ఞులు నీల్స్ రాటెన్‌బోర్గ్ ప్రభృతులు బాతుల తలలలో విద్యుద్వాహకాలను అమర్చి, నాలుగేసి బాతులను వరుసగా ఉంచి, మెదడు తరంగాలను నమోదు చేశారు. నడుమనున్నవి చాలావరకు రెండు కన్నులూ మూసి నిద్రించాయి. చివరనున్నవి మాత్రం తరచుగా బయటివైపు కన్ను తెరచి, మెదడులో ఒక సగంతోనే నిద్రపోయాయి! రెండవ సగం కాపలా కాసింది.

మనిషికీ ఈ కాపలా కొంత ఉన్నది. కొత్తచోట మొదటిరాత్రి మెదడు ఎడమభాగంలో నిద్ర పలచబడుతుందని 2016లో బ్రౌన్ విశ్వవిద్యాలయంవారు, తలలో ఏమీ అమర్చకుండానే, కనుగొన్నారు. కనుక చుట్టపుచూపుగా తాడేపల్లిగూడెం వెళ్ళి తెల్లవార్లూ దొర్లినవారు దానిని రోగమనుకొని మాత్రలకు పరుగెత్తనక్కరలేదు.

నిద్ర పట్టించే ద్రవ్యాలలో గేదెపాలు శ్రేష్ఠమని చరకుడు చెప్పాడు. మన ప్రాంతంలో వాటికి కొదవా? రాత్రి గోరువెచ్చగా గ్లాసెడు త్రాగి, అరికాళ్ళకు నువ్వులనూనె మర్దించుకోండి. అజీర్తి, కఫం ఉన్నవారు పాలు మానాలి.

సొంత ఇంటిలోనే వారాల తరబడి నిద్ర కరవైనా, గురకనడుమ ఊపిరి ఆగుతున్నా, పగలు మాట్లాడుతూనే నిద్రలోకి జారుతున్నా వైద్యుని సంప్రదించక తప్పదు. ఈ చివరి జబ్బు కుక్కలకూ వస్తుంది. దాని జన్యుమూలాన్ని స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు డాబర్‌మన్ కుక్కలలో కనిపెట్టినదీ 1999లోనే.