తననే పిలుచుకునే ఫంక్షన్: అపోహలు – వాస్తవాలు

క్యాంపస్ ప్లేస్‌మెంట్ల సీజన్ మొదలైందంటే ఇంజినీరింగ్ హాస్టళ్లలో ఒకటే గోల. అర్రేలు పర్వాలేదు, లింక్‌డ్ లిస్టులు ఎలాగో నెట్టుకొస్తాం, ట్రీ ప్రశ్న వస్తే మాత్రం దేవుడే దిక్కు. నిజానికి ట్రీ బొమ్మ చూసి ఎవరూ బెదరరు. బెదురంతా దానితో పాటు వచ్చే రికర్షన్‌ను, అంటే ఫంక్షన్ తననే పిలుచుకోవడాన్ని చూసే. అందులో చాలా భాగం సీనియర్లు జూనియర్లకు అప్పజెప్పిన అపోహలే.

అపోహ: రికర్షన్ అర్థం కావాలంటే ప్రతి కాల్‌నీ తలలో చివరిదాకా నడిపించి చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. నాలుగో కాల్ దగ్గరకొచ్చేసరికి ఎక్కడున్నామో మనకే తెలియదు, పుస్తకం మూసేస్తాం. అలా నడిపించడం మెషీన్ పని. పంచతంత్రంలో ఒక కథలోని పాత్ర ఇంకో కథ ఎత్తుకుంటే, లోపలి కథ ముగిశాక బయటి కథ ఆగిన చోటి నుంచే సాగుతుంది. కాల్ స్టాక్ చేసేదీ అదే. మనం చూసుకోవాల్సింది వేరే ఉంది.

బైనరీ ట్రీ అంటే ఏమిటి? ఖాళీ అయినా కావాలి, లేదా ఒక నోడ్, దాని ఎడమన ఒక ట్రీ, కుడిన ఒక ట్రీ అయినా కావాలి. ట్రీ నిర్వచనంలోనే ట్రీ ఉంది. దాని ఎత్తు కనుక్కోవాలంటే:

ఎత్తు(ఖాళీ) = 0
ఎత్తు(నోడ్) = 1 + పెద్దది(ఎత్తు(ఎడమ), ఎత్తు(కుడి))

నిర్వచనంలో రెండు సందర్భాలు, ఫంక్షన్‌లో రెండు వరుసలు. ఎడమ, కుడి ఎత్తులు సరిగ్గా వచ్చాయనుకుంటే రెండో వరుస సరైనదేనా అన్నది ఒక్కటే ప్రశ్న. ఇంటర్‌లో గణితానుగమనం చదివిన ఎవరికైనా ఈ పద్ధతి పాతదే. ఒకటికి నిజమని చూపి, ‘కె’కి నిజమనుకుని, ‘కె+1’కి నిరూపించి మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ మాత్రం ‘అనుకోవడానికి’ ఎందుకు జంకుతారో!

అపోహ: రికర్షన్ నెమ్మది.

ఈ చెడ్డపేరు ఫిబొనాచీ సంఖ్యల వల్ల వచ్చింది. 40వ సంఖ్య కోసం ‘ముందు రెండు సంఖ్యల మొత్తమే తర్వాతి సంఖ్య’ అన్న సూత్రాన్ని ఉన్నదున్నట్టు కోడ్‌గా రాస్తే ఫంక్షన్‌ను 33,11,60,281 సార్లు పిలవాల్సి వస్తుంది. 38వ సంఖ్యను రెండుసార్లు, 37వ సంఖ్యను మూడుసార్లు, 36వ సంఖ్యను ఐదుసార్లు కొత్తగా లెక్కేస్తుంది కదా మరి. (ఆ 2, 3, 5 కూడా ఫిబొనాచీ సంఖ్యలే.) తప్పల్లా, చేసిన లెక్కనే మళ్లీ చేయడంలో ఉంది. ఒకసారి వచ్చిన జవాబును రాసి పెట్టుకుంటే అదే రికర్షన్ నలభై కూడికల లోపు ముగుస్తుంది. ట్రీ విషయంలో ఈ బెడదే లేదు. పైన రాసిన ఫంక్షన్ ఒక్కో నోడ్ దగ్గరకు ఒక్కసారే వెళ్తుంది. దాన్ని లూప్‌తో రాయాలంటే మామూలుగా స్టాక్‌నో, అలాంటిదాన్నో చేత్తో కట్టుకోవాల్సి వస్తుంది.

అన్నట్టు ఈ సంఖ్యలను ఫిబొనాచీ 1202లో రాయడానికి ముందే జైన పండితుడు హేమచంద్రుడు ఛందస్సు లెక్కల్లో చెప్పాడు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అయితే, ఇన్ని మాత్రల పాదాన్ని ఎన్ని రకాలుగా కూర్చవచ్చు? చివర లఘువుంటే ఒక మాత్ర తగ్గిన పాదాల లెక్క, గురువుంటే రెండు మాత్రలు తగ్గిన పాదాల లెక్క, రెండూ కలిపితే జవాబు. అచ్చమైన రికర్షన్.

అపోహ: ట్రీ పెద్దదైతే స్టాక్ నిండిపోయి ప్రోగ్రామ్ పడిపోతుంది.

స్టాక్‌కు కావాల్సింది ట్రీ లోతు, నోడ్ల సంఖ్య కాదు. సమతూకంగా ఉన్న బైనరీ ట్రీలో 10 లక్షల నోడ్లకు 20 అంతస్తులు చాలు, 100 కోట్లకు 30. పైథాన్ మామూలుగా పెట్టే హద్దు 1000. కాబట్టి దిగులు లేదు.

‘సమతూకంగా’ అన్న మాటే అసలు మెలిక. హాల్‌టికెట్ నంబర్లను వరుసక్రమంలోనే తెచ్చి మామూలు బైనరీ సెర్చ్ ట్రీలో చేర్చి చూడండి. ప్రతి నంబరూ ముందుదానికన్నా పెద్దదే, ప్రతిదీ కుడివైపుకే పోతుంది. చివరికి మిగిలేది చెట్టు కాదు, తాడు. వెతుకులాట నత్తనడక నడుస్తుంది, రికర్షన్ హద్దు దాటుతుంది. ఈ జబ్బుకు మందు 1962లోనే దొరికింది. సోవియట్ శాస్త్రవేత్తలు అడెల్సన్-వెల్స్కీ, లాండిస్ కలిసి, కొత్త విలువ చేర్చిన ప్రతిసారీ తనను తాను సర్దుకునే ట్రీని ప్రతిపాదించారు. నేటికీ సిలబస్‌లో ఉన్న ఏవీఎల్ ట్రీ అదే.

అపోహ: రికర్షన్ మాట వస్తే తోడుగా వచ్చే ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో ఏ విలువా మారదు కనుక, చిన్న మార్పుకూ డేటా మొత్తం కాపీ అవుతుంది.

వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ జరిగేది వేరు. 10 లక్షల నోడ్ల సమతూక ట్రీలో అట్టడుగు నోడ్ విలువ మార్చాలనుకుందాం. ఆ నోడ్‌కు కొత్త ప్రతి కావాలి. దాన్ని చూపించే పై నోడ్‌కూ కావాలి, దాని పైదానికీ కావాలి, అలా వేరు దాకా. మొత్తం 20 నోడ్లు. మిగతా 9,99,980 నోడ్లను పాత ట్రీ, కొత్త ట్రీ రెండూ పంచుకుంటాయి. వాటిని ఎవరూ మార్చరన్న హామీ ఉంది కాబట్టే ఈ పంపకం భద్రం. పాత ప్రతి చెక్కుచెదరకుండా చేతిలో ఉండటం అదనపు లాభం. క్లోజర్ భాషలో ఒక్కో నోడ్‌కు 32 దాకా కొమ్మలు ఉంటాయి గనుక 10 లక్షల విలువలకు నాలుగు అంతస్తులే సరిపోతాయి. కోడ్ మార్పులను భద్రపరచడానికి 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రాసిన గిట్‌దీ ఇదే దారి. ఒక ఫైలు మార్చి కమిట్ చేస్తే, ఆ ఫైలు నుంచి పైకి ఉన్న ఫోల్డర్లకే కొత్త ట్రీలు పుడతాయి, ముట్టుకోని ఫోల్డర్లు పాతవే. ‘ఫంక్షనల్ మనకెందుకు’ అనేవాళ్లు రోజూ వాడుతున్నది దాన్నే.

అపోహ: ఇదంతా యూనివర్సిటీ సరుకు.

ఎరిక్‌సన్ కంపెనీ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎర్లాంగ్ అనే ఫంక్షనల్ భాషను తయారుచేసుకుంది, వాట్సాప్ సర్వర్లు దాని మీదే పెరిగాయి. జావాకు 2014లో లాంబ్డాలు వచ్చాయి. గూగుల్ 2004 నాటి మ్యాప్‌రెడ్యూస్ పత్రం తనకు ప్రేరణ లిస్ప్ వంటి ఫంక్షనల్ భాషలని చెప్పుకుంది. ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అపోహ: ఫంక్షనల్ భాషల్లో లూపులుండవు, కాబట్టి అడుగడుగునా రికర్షన్ రాయాలి.

హాస్కెల్‌లో పనిచేసేవాళ్లు చేత్తో రికర్షన్ రాసేది తక్కువే. ఎత్తు, నోడ్ల లెక్క, విలువల మొత్తం అన్నిటిదీ ఒకే ఎముకల గూడు. ఖాళీకి ఏమివ్వాలి, ఎడమ జవాబునూ కుడి జవాబునూ నోడ్ దగ్గర ఎలా కలపాలి అన్నవే మారతాయి. ఆ గూడును ఒక్కసారి రాసి ‘ఫోల్డ్’ అని పేరుపెట్టి దాచుకుంటారు. లెక్క కావాలంటే 0, 1+ఎడమ+కుడి. మొత్తం కావాలంటే 0, విలువ+ఎడమ+కుడి. ఇంటర్వ్యూల్లో పేరుమోసిన ‘ట్రీని తిరగేయండి’ ప్రశ్నకు ఖాళీకి ఖాళీయే, నోడ్‌కు అదే విలువ, ఎడమ కుడి తారుమారు. కాస్త చిక్కు పెట్టేది ‘ఈ ట్రీ సమతూకంగా ఉందా?’ అన్నది. అవును, కాదు అన్న జవాబొక్కటే పైకి పంపితే పై నోడ్‌కు ఏం చేయాలో తోచదు. ఎత్తునూ జతచేసి రెండూ కలిపి పంపితే అదీ అదే ఫోల్డ్‌లో ఇమిడిపోతుంది.