కాలక్షేపం, వ్యాసంగం: వీడియో గేమ్ కన్సోళ్ల పోటీ – హైదరాబాదు అనుభవం

వ్యాససంగ్రహం:
వీడియో గేమ్ కన్సోళ్ల తయారీసంస్థలు ఆడేవారిని 'క్యాజువల్', 'కోర్' అని రెండు వర్గాలుగా చూస్తాయి. ఈ విభజన మనుషుల స్వభావాన్ని బట్టి కాక ధర, తీరిక, పరిచయం అనే పరిస్థితులను బట్టి ఏర్పడుతుందని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: కన్సోల్, కాలక్షేప క్రీడాకారులు, వ్యాసంగ క్రీడాకారులు, నింటెండో, ప్లేస్టేషన్ 2, హైదరాబాదు.

1. ఉపోద్ఘాతం:
శ్రీనగర్ కాలనీ, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో నెలకొన్న తెలుగు సినీరంగానికి ఇటువంటి విభజన కొత్తది కాదు. మొదటిరోజు మొదటి ఆటకు వచ్చే అభిమానులు ఒక వర్గం. బాగుందన్న మాట విన్నాక వచ్చే కుటుంబ ప్రేక్షకులు మరొక వర్గం. కన్సోళ్ల విషయంలో మొదటివారికి సమానమైన 'కోర్' వర్గాన్ని వ్యాసంగ క్రీడాకారులు అనీ, రెండవవారికి సమానమైన 'క్యాజువల్' వర్గాన్ని కాలక్షేప క్రీడాకారులు అనీ వ్యవహరించవచ్చు.

అయితే ఒక భేదం ఉన్నది. సినిమాకు టిక్కెట్టు చాలు. కన్సోల్‌కు ముందు పరికరం, ఆపై ఆటలు విడివిడిగా కొనాలి. పరికరాన్ని స్వల్పలాభానికో నష్టానికో అమ్మి, ఆటల మీద ఆదాయం పొందడం ఈ వ్యాపారంలో తరచుగా కనిపించే పద్ధతి. కాబట్టి ఒక్క ఆటతో తృప్తిపడేవారి కంటే వరుసగా ఆటలు కొనేవారు సంస్థకు ఎక్కువ విలువైనవారు.

2. నింటెండో ప్రయోగం:
2006లో సోనీ ప్లేస్టేషన్ 3ను శక్తిమంతమైన పరికరంగా, ఎక్కువ ధరకు విడుదల చేసింది. అదే ఏడాది నింటెండో తెచ్చిన వీ పరికరం శక్తిలో తక్కువైనా, చేతిని ఊపితే చాలు టెన్నిస్, బౌలింగ్ ఆడించింది. మీటల అభ్యాసం లేని పెద్దలు సైతం ఆడగలిగారు. వీ పది కోట్లకు పైగా అమ్ముడై ప్లేస్టేషన్ 3ను మించింది. 2010లో సోనీ మూవ్‌తో, మైక్రోసాఫ్ట్ కినెక్ట్‌తో అదే బాట పట్టాయి. కాని 2012లో వచ్చిన వీ యూ అమ్మకాలు సుమారు 1 కోటి 35 లక్షల వద్దనే ఆగిపోయాయి. అప్పటికే కాలక్షేపపు ఆటలు స్మార్ట్‌ఫోన్‌లోకి చేరడం ఇందుకు ఒక ముఖ్యకారణం.

3. హైదరాబాదు అనుభవం:
భారతదేశంలో సోనీ వేరొక మార్గం అనుసరించింది. 2000లో వెలువడిన ప్లేస్టేషన్ 2 పాతబడి చౌకైన దశలో, దానికి దేశీయ ఆటలను చేర్చింది. 2009లో హైదరాబాదు సంస్థ అరోనా టెక్నాలజీస్ 'హనుమాన్: బాయ్ వారియర్'ను, అదే నగరానికి చెందిన గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా'ను రూపొందించాయి. మొదటిది పురాణ పరిచయాన్ని, రెండవది కబడ్డీ వంటి వీధి ఆటల పరిచయాన్ని ఆధారం చేసుకున్నాయి. 'హనుమాన్' ఆటలో దేవుణ్ణి మీటలతో ఆడించడం పట్ల కొందరు హిందూ ప్రతినిధులు అభ్యంతరం తెలిపారు. పరిచితమైన కథ ఆటగాణ్ణి ఆకర్షించగలదు. అదే కథ పట్ల ఉన్న భక్తి ప్రతిఘటనకూ దారితీయగలదు.

2017లో 'బాహుబలి' ఆట వెలువడినప్పుడు దాన్ని బెంగళూరు సంస్థ మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ మొబైల్ ఫోన్ కోసం రూపొందించింది. ఉచితంగా దింపుకొనే ఆ ఆటకు వేరే పరికరం కొననక్కర లేదు. తెలుగు సినిమా కథ కన్సోల్‌ను దాటి నేరుగా ప్రేక్షకుని చేతిలోని పరికరాన్నే చేరింది.

4. ముగింపు:
కాలక్షేప క్రీడాకారులు ఏ ఒక్క సంస్థకూ స్థిరమైన ఆస్తి కారు. ధర తగ్గి, నేర్చుకొనే శ్రమ తగ్గి, పరిచితమైన విషయం దొరికిన చోటికి వారు తరలిపోతారు. అలా చేరినవారిలో కొందరు వ్యాసంగపరులు కావడానికి రెండవ ఆట, మూడవ ఆట కావాలి. నింటెండో తన వీ పరికరానికి పొందిన ఆదరణను తరువాతి పరికరానికి నిలుపుకోలేకపోయింది. తెలుగు కథలను ఆటలుగా మలచేవారు గ్రహించవలసిన పాఠం ఇదే: పరిచితమైన పేరు మొదటి ఆటను ఆడించగలదు, రెండవ ఆటను ఆడించవలసింది ఆటలోని సత్తాయే.