కౌంటీ కోర్టు విడాకుల డిక్రీ: భారతదేశంలో చెల్లుబాటు

1. ఉపోద్ఘాతం
అమెరికాలోని తెలుగు దంపతులు విడాకుల కోసం సాధారణంగా తాము నివసించే కౌంటీ కోర్టునే ఆశ్రయిస్తారు. మిస్సోరీ రాష్ట్రంలో దంపతులలో ఒకరికి 90 రోజుల నివాసం ఉంటే సర్క్యూట్ కోర్టులో దరఖాస్తు చేయవచ్చు. అయితే అక్కడ లభించిన డిక్రీ ఇక్కడ చెల్లుతుందా అన్నది వేరొక ప్రశ్న.

2. వ్యాజ్య నేపథ్యం
1975లో తిరుపతిలో హిందూ సంప్రదాయం ప్రకారం ఒక వివాహం జరిగింది. భర్త 1980లో సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో విడాకుల డిక్రీ పొంది, 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ వివాహం చేసుకున్నాడు. మొదటి భార్య ద్వివివాహ నేరంపై ఫిర్యాదు చేసింది. డిక్రీ ఫొటోస్టాట్ ప్రతి ఆధారంగా మేజిస్ట్రేటు నిందితులను విడిచిపెట్టగా, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

3. సుప్రీంకోర్టు తీర్పు
1991 జూలై 9న సుప్రీంకోర్టు హైకోర్టు నిర్ణయాన్ని సమర్థించింది. అమెరికాలోని భారత ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేని నకలు సాక్ష్యంగా పనికిరాదన్నది ఒక అంశం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 13వ సెక్షన్ ప్రకారం డిక్రీకే గుర్తింపు లేదన్నది రెండవది. కోలుకోలేనంతగా చెడిన దాంపత్యం అనే కారణం హిందూ వివాహ చట్టంలో లేదు. ప్రతివాది అక్కడ శాశ్వతంగా నివసిస్తున్నా, స్వచ్ఛందంగా హాజరై వాదించినా, చట్టం అంగీకరించే కారణంపై ఇచ్చిన డిక్రీ చెల్లుతుంది. ప్రతివాది సమ్మతించినా చెల్లుతుంది.

4. ముగింపు
కౌంటీ క్లర్కు వద్ద రికార్డు దొరకడం తొలిమెట్టు మాత్రమే. అది ధ్రువీకృత నకలేనా, ప్రతివాది విచారణలో పాల్గొన్నారా, ఏ కారణంపై విడాకులు మంజూరయ్యాయి అన్నవి తేలకుండా పునర్వివాహానికి సిద్ధపడితే, ఒక దేశంలో ముగిసిన వివాహం మరో దేశంలో మిగిలే ఉంటుంది.