సర్వర్‌లో ఒక్కసారి తెలుగు పెడితే ల్యాబు అంతటా తెలుగే

మండికల్, బాగేపల్లి, చింతామణి వైపు మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బజారులో కన్నడ మాట్లాడతారు. కంప్యూటర్ ముందు కూర్చోగానే మాత్రం తమ పేరు కూడా ఇంగ్లీషులోనే కొడతారు. తెలుగు రాక కాదు, అందులో తెలుగు కీబోర్డు పెట్టినవాళ్ళు లేక. పది కంప్యూటర్లుంటే పదింటిలోనూ విడివిడిగా పెట్టాలి. ఏ రిపేరుకో ఒకదాన్ని ఫార్మాట్ చేస్తే అందులో తెలుగు మళ్ళీ మాయం.

ఈ తిప్పలు తప్పించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పేరు ఎల్‌టీఎస్‌పీ, అంటే లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్. 1999లో మొదలైన దీన్ని 2019లో మొదటినుంచి తిరగరాశారు. అప్పుడు మారినవి మన బడులకు పనికొచ్చేవే.

థిన్ క్లయింట్ పద్ధతి తెలుగు బడులు చూడనిది కాదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ఉన్నత పాఠశాలలకు ల్యాబులు ఇచ్చినప్పుడు ఎన్‌కంప్యూటింగ్ పెట్టెలు వాడారు. అసలు కంప్యూటరుకు చిన్న పెట్టెలు తగిలించి, ఒక్కో పెట్టెకు ఒక తెర, కీబోర్డు, మౌస్ ఇచ్చి పిల్లలను కూర్చోబెట్టారు. పనంతా అసలు కంప్యూటరే చేస్తుంది, పిల్లలకు కనబడేది దాని తెర మాత్రమే. ఒకే బోరుతో పది మళ్ళు పారించినట్టు. టైపింగుకు చాలు, అందరూ ఒకేసారి వీడియో పెడితే అందదు.

పాత ఎల్‌టీఎస్‌పీ కూడా ఎక్కువగా ఇలాగే నడిచేది. కొత్తదానిలో సర్వర్ పని తగ్గింది. పిల్లల కంప్యూటర్ ఆన్ కాగానే నెట్‌వర్క్ వైరు ద్వారా సర్వర్ నుంచి మొత్తం సిస్టమ్‌ను తెచ్చుకుని, తన ప్రాసెసర్, తన ర్యామ్‌తోనే నడుస్తుంది. దాని హార్డ్ డిస్క్ పాడైనా పరవాలేదు. పిల్లలు దాచుకున్న ఫైళ్ళు సర్వర్‌లో ఉంటాయి కాబట్టి రేపు ఏ కంప్యూటర్ దగ్గర కూర్చున్నా దొరుకుతాయి.

మనకు అన్నిటికంటే అక్కరకొచ్చేది మరొకటి. సర్వర్‌లో ఏమేం ఉన్నాయో వాటినే ఒక్క ఆదేశంతో ఇమేజ్‌గా మార్చి అన్ని కంప్యూటర్లకూ పంచవచ్చు. పోతన, వేమన ఫాంట్లు, తెలుగు కీబోర్డు సర్వర్‌లో పెట్టి, ఇమేజ్ తయారుచేసి, కంప్యూటర్లను ఆపి మళ్ళీ ఆన్ చేస్తే చాలు. బడిలో ఇప్పటికే ఉన్న రౌటర్‌ను కూడా మార్చనక్కరలేదు. గ్రీసు బడుల్లో పుట్టిన ఎపాప్టిస్ అనే సాఫ్ట్‌వేర్‌ను జోడిస్తే టీచరు తన చోటునుంచే అందరి తెరలూ చూడవచ్చు, పాఠం చెప్పేటప్పుడు వాటికి తాళం వేయవచ్చు.

కీబోర్డు సంగతి తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో తెలుగు ‘క’ ఏ మీట మీద ఉంటుందో కన్నడ ‘ಕ’ కూడా అదే మీట మీద ఉంటుంది. ఒకటి నేర్చిన చేతికి రెండోది కొత్త కాదు. కర్ణాటక ఆఫీసుల్లో వాడే నుడి కీబోర్డు వేరు, అది కావాలంటే తర్వాత నేర్చుకోవచ్చు. తెలుగు టైపింగ్ నేర్పితే కన్నడ వెనకబడుతుందని భయపడేవాళ్ళకు మా జవాబు ఇదే.

ఇబ్బందులూ ఉన్నాయి. సర్వర్ ఆగితే ల్యాబంతా ఆగుతుంది, దానికైనా యూపీఎస్ ఉండి తీరాలి. పిల్లల కంప్యూటర్లకు రెండు జీబీ ర్యామ్ అయినా లేకపోతే కొత్త పద్ధతి సాగదు. మరీ పాతవాటికి పాత రిమోట్ డెస్క్‌టాప్ దారే మిగులుతుంది, దానికి ఎక్స్‌టూగో లాంటివి విడిగా పెట్టుకోవాలి. వైఫై మీద ఆధారపడవద్దు, వైర్లే లాగించండి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత సహాయం ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లను తీసేద్దామన్న మాట ఎస్‌డీఎంసీ సమావేశంలో వస్తే, పాత సామాను కొనేవాడికి అప్పజెప్పే ముందు ర్యామ్ ఎంతుందో చూడమనండి. లినక్స్ తెలిసిన ఊరి కుర్రాడెవరైనా ఉంటే ఒక శనివారం మధ్యాహ్నం బడికి పిలవండి. ఒక సర్వర్, రెండు కంప్యూటర్లతో ముందు పరీక్షించవచ్చు. నెట్‌వర్క్ నుంచి ఆన్ చేసినంత మాత్రాన పాత డిస్క్ చెరిగిపోదు. నచ్చకపోతే డిస్క్ నుంచి ఆన్ చేసుకోండి, పాత విండోస్ అలాగే ఉంటుంది.