ఇంటర్నెట్‌కూ తరుగుంది!

ప్లానేమో వంద ఎంబీపీఎస్. ఫోన్‌లో చూస్తే ముప్ఫయ్యో నలభయ్యో. ఇంకేముంది, నెట్ అబ్బాయికి ఫోన్ వెళ్తుంది. ప్రకటనలోని అంకె అబద్ధమే కానక్కర్లేదు. అది ఏ కొలతలో, ఏ చోట, ఏ వేళకు చెప్పిన అంకె అన్నదే అసలు సంగతి. దారిలో ఎక్కడెక్కడ ఎంత తరుగు పోతుందో చూద్దాం.

◆ మొదటి తికమక కొలతలోనే ఉంది. ప్లాన్ వేగం బిట్లలో చెబుతారు, ఫైలు సైజు బైట్లలో కనిపిస్తుంది. ఎనిమిది బిట్లైతే ఒక బైటు. అంటే వంద ఎంబీపీఎస్ లైను ఏ లోపమూ లేకుండా నడిచినా సెకనుకు దిగేది 12.5 మెగాబైట్లే. ఒక జీబీ సినిమాకు కనీసం 80 సెకన్లు. డౌన్‌లోడ్ దగ్గర సెకనుకు 11 ఎంబీ అని కనిపిస్తే కంగారు పడకండి, లైను బాగున్నట్టే.

◆ డేటా ముక్కలుగా వస్తుంది. ప్రతి ముక్కకూ ఎక్కడినుంచి ఎక్కడికి అన్న చిరునామా, తప్పులు పట్టే సంకేతం తగిలించి ఉంటాయి. మామూలు ఈథర్‌నెట్ తీగ మీద ఒక పూర్తి ముక్క 1,538 బైట్ల చోటు తీసుకుంటే, అందులో మన సరుకు 1,460 బైట్లే. వంద ఎంబీపీఎస్ పోర్టు మీద స్పీడ్ టెస్ట్ 94, 95 దాటకపోవడానికి కారణం ఇదే. ఈ తరుగు ఎవరికైనా తప్పదు.

◆ ల్యాన్ కేబుల్ కొసను వెలుతురులో పెట్టి చూడండి. పారదర్శకమైన మొనలో ఎనిమిది సన్నని తీగలు కనిపిస్తాయి: నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, ప్రతిదానికీ తోడుగా తెల్లచారల తీగ ఒకటి. వంద ఎంబీపీఎస్‌కు నారింజ, ఆకుపచ్చ జతలు చాలు. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ పనిచేయాలి. నీలం, గోధుమ జతల్లో ఒక్కటి తెగినా నెట్ ఆగదు కానీ, లింకు మాత్రం చాలాసార్లు వందకు దిగిపోతుంది. మూడొందల ప్లాన్‌కు డబ్బు కడుతూ 95 దగ్గరే ఆగిపోతున్నవాళ్లు ముందు చూడాల్సింది ఇక్కడే.

◆ రౌటర్ పెట్టె మీద '1200' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. చాలా మోడళ్లలో అది రెండు బ్యాండ్లనూ కలిపిన అంకె: 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867, మిగతాది గుండ్రం చేసింది. మన ఫోన్ మామూలుగా ఒకసారి ఒక బ్యాండునే పట్టుకుంటుంది. పైగా ఒకే చానల్ మీద ఇంట్లోని ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ వంతులవారీగానే మాట్లాడుకోవాలి. అందుకే అసలు వేగం పెట్టె మీది అంకెకు చాలా దూరంలో ఉంటుంది.

◆ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల చానళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో వైఫై జాబితా తెరిస్తే ఇరవై పేర్లు కనిపిస్తాయి. వాటిలో ఈ బ్యాండువన్నీ ఈ మూడింటి కోసమే పోట్లాడుకుంటుంటాయి. బ్లూటూత్‌దీ ఇదే బ్యాండు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 దగ్గరే పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. కానీ గోడలు, శ్లాబు దాటడం దానికి కష్టం.

◆ చాలా వీధుల్లో ఫైబర్ నడిచే పద్ధతి పేరు జీపాన్. ఒక ఫైబర్‌లో సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు దిగుతాయి. కరెంటుతో పనిలేని స్ప్లిటర్ ఆ కాంతిని 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది. 64 ఇళ్లూ ఒకే క్షణంలో లాగితే ఇంటికి వచ్చేది సుమారు 39 ఎంబీపీఎస్. ఊరంతా మొదటి బంతికే కూర్చోదు కదా అన్న లెక్కతో పెళ్లివారు కుర్చీలు వేయించినట్టు, కంపెనీలూ ఆ ధీమాతోనే వంద ప్లాన్లు అమ్ముతాయి. రాత్రి తొమ్మిదింటికి బంతి నిండిపోతుంది. ఇళ్ల కనెక్షన్లకు, కంపెనీ దగ్గరున్న సామర్థ్యానికీ అది అమ్మిన మొత్తం వేగానికీ మధ్య నిష్పత్తి 1:50 మించకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో మార్గదర్శకాలిచ్చింది.

◆ బ్రిటన్‌లో ఒకప్పుడు పదిమంది ఖాతాదారుల్లో ఒక్కరికి అందే వేగాన్నైనా 'ఇంతవరకు' అని ప్రకటించుకునే వీలుండేది. 2018 మే 23 నుంచి ఆ ఆట కట్టయింది. రాత్రి 8 నుంచి 10 దాకా, రద్దీ వేళలో, కనీసం సగం మందికి అందే వేగాన్నే ప్రకటనలో వేయాలి.

◆ మన దేశంలో 'బ్రాడ్‌బ్యాండ్' అనిపించుకోవడానికి 2004లో 256 కేబీపీఎస్ చాలు. 2013లో అది 512 అయింది. 2023లో 2 ఎంబీపీఎస్‌కు పెంచారు. వంద ప్లాన్‌లో మూడు ఎంబీపీఎస్ వస్తున్నా, నిర్వచనం ప్రకారం మీది బ్రాడ్‌బ్యాండే!

◆ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయలకే 15 ఎంబీపీఎస్ ఇస్తూ లాంఛనంగా మొదలైంది. తవ్వకాల ఖర్చు తప్పించుకోవడానికి కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగా లాగారు. తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ పైపుల కందకాలను వాడుకుంది. ఏ దారిన వచ్చినా ఇంటి గుమ్మం దగ్గర జాగ్రత్త. ఫైబర్‌ను మేకు చుట్టూ బిగించి మడిస్తే ఆ వంపులోంచి కాంతి బయటికి పోతుంది. సిగ్నల్ మరీ తగ్గితే పెట్టె మీద 'లాస్' దీపం ఎర్రగా మిణుకుమిణుకుమంటుంది.

◆ స్పీడ్ టెస్ట్ సాధారణంగా దగ్గర్లోని సర్వర్‌నే ఎంచుకుంటుంది. టెస్టులో వంద చూపించినా అమెరికా సైట్ నత్తనడక నడవొచ్చు. దూరపు దారి ఎక్కడ తెగినా దెబ్బ మనదాకా వస్తుంది: 2008 జనవరిలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రగర్భ కేబుళ్లు తెగితే మన దేశంలో నెట్ మందగించింది.

◆ ఫిర్యాదుకు ముందు ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి ఉదయం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి కొలవండి. రెండుసార్లూ బాగుంటే లోపం మీ వైఫైది. రాత్రే పడిపోతే అది వీధి పంపకం సమస్య కావచ్చు. ఎప్పుడు చూసినా తక్కువే వస్తుంటే, కేబులూ పోర్టూ సరిగ్గా ఉన్నాయని తేలాక, కంపెనీనే అడగాలి. అడిగినప్పుడు డాకెట్ నంబరు తప్పక తీసుకోండి. జవాబు నచ్చకపోతే అదే సంస్థలోని అప్పిలేట్ అథారిటీ దాకా వెళ్లడానికి ఆ నంబరే ఆధారం.