కేతిగాని మాటలకు టీక

గడచిన సంవత్సరము తొమ్మిదవ తరగతిలో సుందరకాండ కథ చెప్పుచు, నా చిన్ననాట దివిసీమలోని మా యూరి తోలుబొమ్మలాటలో వినిన యొక హాస్యమును పిల్లలకు వినిపించితిని. హనుమంతుడు సముద్రము దాటుటకై మేను పెంచుచుండగా, కేతిగాడు తెరమీదికి గెంతి, “పులిగడ్డ రేవులో పడవకోసం చూసి చూసి విసిగిపోయావా సామీ?” అనెను. నాడు కళ్లమంతయు ఘొల్లుమనెను. నా తరగతిలో నొక్కరును నవ్వలేదు. “వంతెనమీద పోవచ్చుగదండీ” యని యొక బాలిక యనెను. తప్పామెది గాదు. పులిగడ్డకును పెనుమూడికిని నడుమ కృష్ణపై వంతెన లేని దినములలో రేవున పడిగాపులు పడినవారికే గదా యా మాటలోని చురుకు తెలియుట!

ఈ యాట మనకు క్రొత్తది గాదు. 13వ శతాబ్దివాడైన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో బొమ్మలాటను ప్రస్తావించెను. తోలును వెలుగు చొచ్చునంత పలుచగా గీకి, రంగులు దిద్ది, కీళ్లు కదలునట్లు కూర్చి, దీపమునకును తెల్లని తెరకును నడుమ ఆడింతురు. కథాభాగమునకు రంగనాథ రామాయణపు ద్విపదలు ఆధారము. కథ బరువెక్కినప్పుడెల్ల కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దిగుదురు. వీరి మాటలకు గ్రంథము లేదు. ఆ రాత్రి, ఆ యూరు, ఆ జనమే గ్రంథము.

కొన్ని చతురోక్తులకు కథ తెలిసియుండవలెను. లక్ష్మణుడు పదునాలుగేండ్లు నిద్రను దూరముగా నుంచెను. పట్టాభిషేక సభలో నాతని నిద్రాదేవి సమీపింపగా నవ్వెను. సుగ్రీవుడు మొదలు సభవారందరును ఆ నవ్వు తమ్మే యెత్తిపొడిచెనని లోలోన కుమిలిరి. ఇది యెరిగినవానికే, తెల్లవారుజామున కునుకుపాట్లు పడు ప్రేక్షకునితో కేతిగాడు, “నన్ను చూసి నవ్వకు, నిద్రను చూసి నవ్వు” అనినచో నవ్వు వచ్చును.

తక్కిన చతురోక్తులకు ఊరు తెలియవలెను. మేళము వారు పగటివేళ బియ్యము, నూనె యడుగుచు వీధులు తిరుగునప్పుడే గ్రామ సమాచారమంతయు ప్రోగుచేసికొందురు. ఒకనాడు జుట్టుపోలిగాడు వానలో తాను తడియుచు, ఆకువక్కల సంచికి గొడుగు పట్టి వచ్చెను. పెద్దలు కడుపులు పట్టుకొనిరి. నాకేమియు బోధపడలేదు. మరునాడు నాయనమ్మ చెప్పినది: మా పాత కరణముగారు వాన వచ్చిన గొడుగును లెక్కల పుస్తకములకే పట్టి, తాము తడిసి యిల్లు చేరెడివారట. 1984లో కరణీకము రద్దయినది; గొడుగు మాత్రము తెరమీద మిగిలెను.

ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు లభించినది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. సంతోషమే. కాని బొమ్మను అద్దాల బీరువాలో దాచవచ్చును. కేతిగాని మాటను దాచుటెట్లు? టీక వ్రాయగలవారు మన యిండ్లలోని తాతలు, అవ్వలు.

పై మాట చెప్పిన పిమ్మట నా తరగతి పిల్లలు ముగ్గురు తమ పెద్దలనడిగి యొక్కొక్క హాస్యమును వ్రాసి తెచ్చిరి. వానిలో రెండు నాకర్థము కాలేదు. మరల అడిగి రమ్మని పంపితిని.