కొలెస్ట్రాల్: రిపోర్టులో మనం చూడాల్సిన అంకె

స్టెంట్ వేయించుకున్నాక మందులకు సాయం కోరుతూ వచ్చే కుటుంబాలను మేమూ చూస్తుంటాం, దాతలైన మీరూ చూస్తుంటారు. ఆపరేషన్ ఖర్చు చాలావరకు ఆరోగ్యశ్రీలో వెళ్లిపోతుంది. 2023 డిసెంబరు నుంచి దాని పరిమితి 10 లక్షల రూపాయలు. కానీ నెలల తరబడి ఆటో తీయలేని మనిషి ఇంటి కిరాయి ఏ పథకంలోనూ రాదు. పైగా మన దేశంలో గుండెపోటు పాశ్చాత్యుల కంటే కొన్నేళ్లు ముందే, పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఇంకా మిగిలి ఉండగానే వస్తోంది. అందుకే ఈసారి కొలెస్ట్రాల్ గురించి నాలుగు మాటలు.

కొలెస్ట్రాల్ విషం కాదు. కణాల గోడలకు, హార్మోన్లకు, పైత్యరసానికి, విటమిన్ డి తయారీకి అది కావాలి. అందులో ఎక్కువ భాగాన్ని మన శరీరమే, ముఖ్యంగా కాలేయం, తయారు చేసుకుంటుంది. కాబట్టి మాంసం ముట్టనివారికీ కొలెస్ట్రాల్ పెరుగుతుంది. కొవ్వు రక్తంలో కరగదు గనుక ప్రొటీన్ బండ్లలో ప్రయాణిస్తుంది. సరుకు పంచే బండి ఎల్‌డీఎల్. మిగిలినదాన్ని వెనక్కి తెచ్చే బండి హెచ్‌డీఎల్. తిరిగే ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాక్కునే ద్వారాలు కాలేయం మీద ఉంటాయి. వాటిని కనుగొన్న బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. కొందరికి పుట్టుకతోనే ఈ ద్వారాలు తక్కువ. అలాంటి ఇళ్లలో తండ్రికి చిన్న వయసులో గుండెపోటు వస్తే అన్నదమ్ములూ పిల్లలూ వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

మన ఇబ్రహీంపట్నం చెరువు కాలువలో పూడిక పేరుకున్నట్టు రక్తనాళంలో కొవ్వు పేరుకుంటుందని చెబుతుంటారు. పోలిక బాగుంది కానీ సగమే నిజం. కొవ్వు నాళం లోపలి అంచుకు అంటుకోదు, గోడలోకి దిగి అక్కడ గడ్డ కడుతుంది. పెద్దగా అడ్డు లేని గడ్డ కూడా ఒకరోజు పగిలిపోవచ్చు. అప్పుడు దానిమీద రక్తం గడ్డకట్టి నిమిషాల్లో దారి మూసుకుపోతుంది. ముందురోజు దాకా ఛాతీలో నొప్పి ఉండదు, ఈసీజీ కూడా బాగానే ఉండొచ్చు. 'మొన్ననే ఈసీజీ తీయించాం, ఏమీ లేదన్నారు' అన్న మాట ఎన్ని ఇళ్లలో వినలేదు!

ఇక రిపోర్టు. చాలామంది మొత్తం కొలెస్ట్రాల్ 200 లోపు ఉందా అని చూసి మడిచి పెట్టేస్తారు. చూడాల్సింది ఎల్‌డీఎల్‌ను, అదీ మన పరిస్థితిని బట్టి. భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రమాదం తక్కువ ఉన్నవారికి ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలి. షుగర్, బీపీ ఉన్నవారికి 70 లోపు, గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవారికి 55 లోపు. షుగర్ ఉన్న మనిషికి 115 వస్తే ల్యాబ్ కాగితం మీద నార్మల్ అని ఉండొచ్చు, కానీ అది ఆయనకు నార్మల్ కాదు. తొలి పరీక్ష 18 ఏళ్లకే మంచిదనీ, మామూలుగా పరగడుపున అక్కర్లేదనీ ఆ సంఘమే చెప్పింది. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువగా వస్తే మాత్రం మళ్లీ పరగడుపున చూడాలి.

తిండి సంగతి. నెలకోసారి దావత్‌లో తిన్న బిర్యానీ కంటే రోజూ తినేదే లెక్క. భేజా, కిడ్నీలాంటి వాటిలో కొలెస్ట్రాల్ చాలా ఎక్కువ. అయినా ఎల్‌డీఎల్‌ను అంతకంటే పెంచేది డాల్డా, వెన్న, మాంసానికి అంటుకున్న తెల్లటి కొవ్వు. నూనె డబ్బా మీద 'కొలెస్ట్రాల్ లేదు' అని చూసి మురిసిపోవద్దు, ఏ మొక్క నూనెలోనూ అది చెప్పుకోదగ్గంత ఉండదు. రంజాన్‌లో సమోసాలు వేయించిన నూనెనే మర్నాడు మళ్లీ కాచడం అసలు వద్దు. బక్రీద్ మాంసం వండేముందు కొవ్వు తీసేయండి, పాయా చల్లారాక పైన తేలిన తెట్టు తీసేయండి. 'మటన్ మానేశాను కదా' అంటూ మూడు పూటలా అన్నం, చక్కెర చాయ్, బిస్కెట్లు తీసుకుంటే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. ఐసీఎంఆర్ 2023లో వెల్లడించిన దేశవ్యాప్త అధ్యయనంలో 81.2 శాతం పెద్దవారికి ఏదో ఒక కొవ్వు లెక్క తప్పి ఉంది.

తిండితో దిగనప్పుడు డాక్టర్ స్టాటిన్ మాత్ర రాస్తారు. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో 1973లో ఒక బూజులో కనుగొన్న పదార్థం నుంచి మొదలైన మందులివి. రిపోర్టు బాగా వచ్చిందని మాత్ర ఆపేయడమే మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. లెక్క తగ్గింది మాత్ర వల్లే, ఆపితే కొన్ని వారాల్లో మళ్లీ ఎక్కుతుంది. కండరాల నొప్పులు వస్తే డాక్టర్‌కు చెప్పి మోతాదో మందో మార్పించుకోవాలి. గర్భిణులు డాక్టర్‌ను అడగనిదే వాడకూడదు. ఉపవాసాలకూ ఇది అడ్డు కాదు. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ రోజులో ఎప్పుడైనా వేసుకోవచ్చు, ఇఫ్తార్ తర్వాత ఒకటి చాలు. జన్ ఔషధి దుకాణాల్లో ఇవి తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద లిపిడ్ ప్రొఫైల్ ఉచితం. దాతలు ముందు తమ ఇంట్లోవాళ్లను, తర్వాత తమ దుకాణంలో, కార్ఖానాలో పనిచేసే నలభై దాటినవాళ్లను ఒక పూట సెలవిచ్చి అక్కడికి పంపించాలని మా మనవి.